గోల్కొండ వఫాదారు అబ్దుర్రజాక్ లారీ – తడిసిన బారూదు కథ

గోల్కొండ కోటను చూడని ముస్లిం కుటుంబం మన ప్రాంతంలో అరుదు. సెలవు రోజున పిల్లలను వెంటబెట్టుకొని వెళ్తాం. కింది దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి పైన బాలా హిసార్‌లో వినిపిస్తుందో లేదో చూస్తాం. రాణీమహలు గోడలు చూసి, మెట్లెక్కి అలసిపోయి ఇంటికి వస్తాం. ఆ కోట బయటి ప్రాకారానికి ఫతే దర్వాజా అని ఒక ద్వారం ఉంది. ఫతే అంటే విజయం. అయితే అది ఎవరి విజయం? కోటలో ఉన్నవారిదా, కోటను ముట్టడించినవారిదా? ఆ విజయం ఎలా లభించింది? ఫిరంగులతోనా, బారూదుతోనా, మరో విధంగానా? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియాలంటే అబ్దుర్రజాక్ లారీ జీవితం తెలుసుకోవాలి. ఆయన కథతో పాటు ఒక చిన్న విషయం కూడా తెలుసుకోవాలి. బారూదుకు నీరు తగిలితే ఏమవుతుందన్నదే ఆ విషయం.

లార్ నుండి గోల్కొండకు

ఇరాన్ దేశపు దక్షిణ భాగంలో లార్ అనే పట్టణం ఉంది. షీరాజ్ నుండి సముద్రతీరానికి వెళ్ళే వర్తకుల బాటలో అది ఒక మజిలీ. లారీ అనే పేరు ఆ ఊరి వల్ల వచ్చిందే. ఆ రోజుల్లో ఇరాన్ రేవుల నుండి మన మచిలీపట్నానికి ఓడలు వచ్చేవి. సరుకులతో పాటు మనుషులూ వచ్చేవారు. కవులు, హకీములు, కట్టడాల పని తెలిసినవారు, కత్తి పట్టినవారు ఎందరో గోల్కొండ చేరి కుతుబ్‌షాహీల కొలువులో స్థిరపడ్డారు. 1591లో హైదరాబాద్ నగరం వెలసిన నాటికే ఈ రాకపోకలు బాగా ఉన్నాయి. అబ్దుర్రజాక్ ఆ విధంగా గోల్కొండ సర్దారులలో ఒకరయ్యారు. దర్బారు ఆయనకు ముస్తఫా ఖాన్ అనే బిరుదు ఇచ్చింది. అయినా జనం నోట లారీ అనే పేరే నిలిచింది.

ఆ కాలపు సుల్తాన్ అబుల్ హసన్ కుతుబ్‌షా. తానీషా అంటే తెలుగువారందరికీ తెలుసు. 1672లో ఆయన గద్దెనెక్కారు. మాదన్న ప్రధానిగా, ఆయన సోదరుడు అక్కన్న ముఖ్య అధికారిగా రాజ్యం నడిచింది. భద్రాచలం రామదాసు కథ విన్నవారికి ఈ పేర్లు పరిచయమే. అబుల్ హసన్ సాధు స్వభావం గల మనిషి. యౌవనంలో సయ్యద్ షా రాజు అనే సూఫీ పెద్ద దగ్గర ఎన్నో ఏళ్ళు గడిపారు. ఆ శిక్షణ చివరి రోజుల్లో ఆయనకు ఎంతగా అక్కరకు వచ్చిందో ముందు చూస్తాం.

వచ్చిపడిన ఆపద

దక్కన్‌లో మిగిలిన రెండు సుల్తానతులను జయించాలని ఔరంగజేబు చక్రవర్తి నిశ్చయించుకున్నారు. ముస్లిం పాలకుల మీద ఈ యుద్ధాలు తగవని ఆయన కొలువులోని ప్రధాన ఖాజీ షేఖుల్ ఇస్లాం భావించారు. మద్దతు ఇవ్వలేక పదవిని వదులుకొని మక్కాకు వెళ్ళిపోయారు. యుద్ధం మాత్రం ఆగలేదు. 1685లో షాహ్ ఆలం నాయకత్వాన మొఘల్ సైన్యం హైదరాబాద్ నగరంలోకి ప్రవేశించింది. గోల్కొండ సేనాని మీర్ ముహమ్మద్ ఇబ్రాహీం తన యజమానిని వదిలి మొఘలుల వైపు వెళ్ళిపోయాడు. అబుల్ హసన్ నగరం విడిచి కోటలోకి చేరారు. 1686 మార్చిలో కుట్రదారులు అక్కన్న మాదన్నలను వీధిలో హత్య చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో బీజాపూర్ మొఘలుల వశమైంది. ఇక మిగిలింది గోల్కొండ ఒక్కటే.

1687 జనవరి చివరిలో ఔరంగజేబు స్వయంగా వచ్చి గోల్కొండ ముందు దిగారు. 87 బురుజులు, 8 దర్వాజాలు ఉన్న ప్రాకారం అది. చుట్టూ అగడ్త, లోపల నల్లరాతి గుట్ట, గుట్ట మీద బాలా హిసార్. వచ్చిన కొత్తలోనే మొఘలులకు దెబ్బ తగిలింది. ఖిలీచ్ ఖాన్ అనే పెద్ద సర్దారు కోట మీదికి దూకుడుగా వెళ్ళి, గుండు తగిలి భుజం ఛిద్రమై, కొద్ది రోజులకే చనిపోయారు. ఆయన సమాధి నేటికీ హిమాయత్ సాగర్ సమీపాన ఉంది. ఆయన కుమారుడు గాజియుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్ ముట్టడికి ముఖ్య నాయకుడు. ఫిరోజ్ జంగ్ కుమారుడే తర్వాతి కాలంలో మొదటి నిజాం అయ్యారు. కోట లోపల సుల్తాన్‌కు అండగా నిలిచిన సర్దారులలో అందరికన్నా ముందున్నవారు అబ్దుర్రజాక్ లారీ.

మే నెలలో ఒక రాత్రి ఫిరోజ్ జంగ్ మనుషులు నిచ్చెనలు వేసి చప్పుడు కాకుండా గోడ ఎక్కబోయారు. కావలివారు గమనించలేదు. గోడ మీద తిరిగే ఒక ఊరకుక్క గమనించి గట్టిగా మొరిగింది. కోటవారు మేల్కొని నిచ్చెనలు పడదోశారు. సుల్తాన్ ఆ కుక్కకు బంగారు గొలుసు, రత్నాల పట్టీ, జరీ కుట్టిన వస్త్రం బహూకరించారని చరిత్ర చెబుతున్నది. మనుషులు ఒక్కొక్కరే పక్షం మారుతున్న రోజుల్లో ఆ మూగజీవికి దక్కిన సన్మానం అది.

బారూదు గుణం

ఇక్కడ కథను కాస్త ఆపి బారూదు గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ఆ తర్వాత జరిగినదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఆ కాలపు తుపాకి మందులో మూడే వస్తువులు ఉండేవి. సురేకారం, గంధకం, బొగ్గు. సురేకారాన్ని ఉర్దూలో షోరా అంటాం. మన పల్లెల్లో పెట్లుప్పు అనేవారు. మూడింటిలో దాని పాలే ఎక్కువ. పాత పశువుల కొట్టాల నేలలోనూ, ఊళ్ళ పాటి మన్నులోనూ అది ఊరుతుంది. ఆ మన్నును నీళ్ళలో కలిపి, వడగట్టి, కాచి, ఆరబెడితే గడ్డకడుతుంది. మన కోరమాండల్ తీరం నుండి డచ్చివారు, ఇంగ్లీషువారు దీనిని ఓడల్లో కొనుక్కుపోయేవారు. నిప్పు అంటుకున్నప్పుడు సురేకారం తనలోని ప్రాణవాయువును విడుస్తుంది. అందుకే గాలి చొరబడని గొట్టంలో కూడా బొగ్గు, గంధకం ఒక్కసారిగా కాలి పెద్దయెత్తున వాయువులు పుడతాయి. ఆ వాయువుల ఒత్తిడే గుండును తోస్తుంది, బండను పగలగొడుతుంది.

ఇంత బలమైన వస్తువుకు ఒకటే బలహీనత, తేమ. అందులోని బొగ్గుకు సన్నని రంధ్రాలుంటాయి, గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. శుభ్రమైన సురేకారం చెమ్మను అంతగా పీల్చదు. కానీ సరిగా శుద్ధి చేయని సురేకారంలో మామూలు ఉప్పు, ఇతర లవణాలు మిగిలి ఉంటాయి. వానాకాలంలో మన వంటింటి ఉప్పు ఎలా నీరు కారుతుందో, అవి కూడా అలాగే నీరు లాగుతాయి. మందు ఉండలు కడుతుంది. నిప్పు పెడితే ఆలస్యంగా అంటుకొని బుసబుసమని కాలుతుందే గాని పేలదు. బాగా తడిస్తే అసలే అంటుకోదు.

మరొక సంగతి చాలామందికి తెలియదు. తడిసిన మందును ఎండలో ఆరబెడితే మళ్ళీ పనికివస్తుందని అనుకుంటారు. అలా జరగదు. సురేకారం నీటిలో కరుగుతుంది, గంధకం, బొగ్గు కరగవు. నీరు ఆరినప్పుడు సురేకారం వేరుగా పలుకులు కట్టి బయటికి తేలుతుంది. చూడటానికి మూడూ ఉన్నట్టే ఉంటాయి, కానీ వాటి కలయిక చెడిపోయి ఉంటుంది. మళ్ళీ మొదటి నుండి నూరి కలిపితే తప్ప ఆ మందుకు పూర్వపు బలం రాదు.

అందుకే రాజులు మందును నిలువచేయడంలో ఎంతో జాగ్రత్త పడేవారు. నీరు నిలవని ఎత్తయిన చోట, మందపు గోడల మధ్య ఉంచేవారు. నేల చెమ్మ తగలకుండా పీపాలను చెక్కల మీద నిలిపేవారు. ఇనుము రాపిడికి నిప్పురవ్వ లేస్తుంది గనుక దానిని దరిచేరనిచ్చేవారు కారు. యూరపు కోటల్లో పీపాలను అప్పుడప్పుడు దొర్లించి తిప్పడం కూడా ఉండేది. కదలకుండా పడి ఉంటే లోపలి మందు ఒకవైపు చేరి గడ్డకడుతుంది. గోల్కొండకు ఈ విషయంలో ప్రకృతే సాయపడింది. గుట్ట మీది కట్టడాల్లో వాననీరు నిలవదు, జారిపోతుంది. కోటలోని సిలహ్‌ఖానాను, గుట్ట దారిలోని అంబర్‌ఖానాను నేడు చూసినా ఆ గోడల మందం, ఆ ఎత్తు మనకు తెలుస్తాయి.

వాన వచ్చింది

జూన్ నెలలో వానలు మొదలయ్యాయి. ఆ ఏడు ఎడతెగని వానలు కురిసి మంజీరా పొంగింది. మొఘల్ శిబిరానికి ధాన్యం వచ్చే దారులు మూసుకుపోయాయి. ఆకలి, రోగాలు చుట్టుముట్టాయి. సైన్యం వేసుకున్న మట్టి దిబ్బలు కరిగిపోయాయి, కందకాల్లో నీరు నిండింది. ఆనాటి తుపాకులకు వత్తి వెలిగించి ఉంచాలి. వానలో వత్తి ఆరిపోతుంది, మందు పళ్ళెంలో నీరు పడుతుంది. బయట బురదలో ఉన్నవారి బారూదుకు, గుట్ట మీద కప్పు కింద ఉన్నవారి బారూదుకు ఎంత తేడా వచ్చిందో ఊహించవచ్చు.

జూన్ 15 రాత్రి, కుంభవృష్టిలో, కోటవారు బయటికి దూకి మొఘల్ ఫిరంగి స్థావరాల మీద పడ్డారు. కావలివారు వానకు తలదాచుకొని ఉన్నారు. కోటవారు ఫిరంగులను పనికిరాకుండా చేశారు, గైరత్ ఖాన్, సర్బరాహ్ ఖాన్ వంటి పెద్ద అధికారులను బందీలుగా పట్టుకున్నారు. అబుల్ హసన్ ఆ బందీలను అవమానించలేదు. మర్యాదగా చూసి, తన ధాన్యపు కొట్లు, బారూదు నిల్వలు స్వయంగా చూపించారు. లోటు వల్ల తాము లొంగవలసిన పని లేదని తెలియజేయడమే ఆయన ఉద్దేశం. ఆపైన సంధి మాటలతో వారిని తిరిగి పంపించారు. ఔరంగజేబు సంధికి అంగీకరించలేదు.

మూడు సొరంగాలు

మొఘలులు అంతకుముందే మరొక ప్రయత్నం చేస్తున్నారు. కందకాల నుండి కోటగోడ కిందికి మూడు సొరంగాలు తవ్వారు. వాటి నిండా బారూదు కూరి, వత్తులు అమర్చి, ముఖద్వారాలు మూసి, చక్రవర్తి ఆజ్ఞ కోసం ఎదురు చూస్తున్నారు. గోడ కూలగానే లోనికి దూకడానికి సైన్యం ముందు వరుసలు దగ్గరగా నిలబడి ఉన్నాయి.

ఈ సంగతి కోటవారికి తెలిసిపోయింది. లారీ, ఆయన తోటి సర్దారులు లోపలి నుండి ఎదురు సొరంగం తవ్వించారు. రాతి పునాదుల కింద, చీకటిలో, బారూదు వాసన మధ్య చేసే పని అది. ఒక్క నిప్పురవ్వ పడితే అందరూ బూడిదే. దీపం పెట్టుకోవడానికి కూడా భయపడాల్సిన చోట మనుషులు చేతులతో తడుముకుంటూ పనిచేశారు. తమకు అందిన మందును, వత్తిని తోడి తీసుకుపోయారు. తోడలేని మందులో నీళ్ళు పోసి ముద్ద చేశారు. గోడకు దగ్గరగా ఉన్న మందు పోయింది. మొఘలుల వైపు ఉన్న మందు మాత్రం పొడిగా మిగిలింది. ఇదేమీ బయటివారికి తెలియదు.

జూన్ 20 తెల్లవారుజామున మొదటి సొరంగానికి నిప్పు పెట్టారు. బారూదు పేలినప్పుడు పుట్టే వాయువులు తమకు అడ్డు తక్కువగా ఉన్నవైపే పోతాయి. కోటవైపు తడి మట్టి, రాయి. బయటివైపు సైనికులు నిలబడిన నేల. ఆ పేలుడు మొత్తం వెనక్కి తిరిగింది. బండరాళ్ళు, మట్టి ఆకాశానికి లేచి మొఘల్ సైన్యం మీదనే కురిశాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కోటగోడ నిలిచే ఉంది. లారీవారి మనుషులు అదే అదనుగా బయటికి దూకారు. రెండవ సొరంగం కూడా అదే విధంగా తన వారినే కాల్చింది.

మరునాడు ఔరంగజేబు తానే కోట ముందుకు వచ్చారు. ఆయన అప్పటికి దాదాపు 70 ఏళ్ళ వయసువారు. గుళ్ళు మీదుగా పోతున్నా తన పల్లకి దగ్గర నిబ్బరంగా నిలిచి సైనికులకు ధైర్యం చెప్పారు. శత్రువైనా ఆ స్థైర్యాన్ని ఒప్పుకోవలసిందే. ఇంతలో పెనుగాలి, జడివాన వచ్చాయి. మూడవ సొరంగానికి నిప్పు పెట్టారు. అది అసలు అంటుకోనే లేదు. అందులోని బారూదు అప్పటికే నీటిలో నానిపోయింది. సైన్యం వెనుదిరిగింది.

ఆలోచించి చూడండి. దేశంలోనే పెద్ద సైన్యం, లెక్కలేనంత ధనం, నెలల తరబడి తవ్విన సొరంగాలు. వాటన్నిటినీ కొన్ని బిందెల నీరు వ్యర్థం చేసింది. ఆ నీరు మోసినవారి పేర్లు ఎవరూ రాసి ఉంచలేదు. అయినా గోడను నిలిపింది ఆ చేతులే.

చింపివేసిన ఫర్మానా

బారూదుతో పని కాలేదు. ఔరంగజేబు కోట చుట్టూ కర్రలతో, మట్టితో మరొక గోడ కట్టించి రాకపోకలు బంధించారు. దానితో పాటు మరొక ఆయుధం తీశారు. అది ఆశ. కోటలోని సర్దారులకు రహస్యంగా ఉత్తరాలు పోసాగాయి. పదవులు, జాగీర్లు, బిరుదులు ఇస్తామన్నారు. ఒక్కొక్కరే జారుకున్నారు. షేఖ్ నిజాం వంటి గొప్ప యోధుడు కూడా వెళ్ళిపోయి ముఖర్రబ్ ఖాన్ అనే బిరుదు పొందాడు. చివరికి పెద్దవారిలో ఇద్దరే మిగిలారు. ఒకరు అబ్దుర్రజాక్ లారీ, రెండవవాడు అబ్దుల్లా ఖాన్ పనీ అనే పఠాన్. ఈ పనీ మొదట బీజాపూర్ కొలువులో ఉండి, తర్వాత మొఘలులను చేరి, అక్కడి నుండి గోల్కొండకు వచ్చినవాడు.

లారీకి కూడా ఫర్మానా వచ్చింది. ఆరువేల మన్సబ్ ఇస్తామన్నారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద హోదా. ఆయన ఆ కాగితాన్ని దాచుకోలేదు. బురుజు మీదికి తీసుకుపోయి, తన సైనికులందరికీ చూపించి, వారి ఎదుటనే ముక్కలు ముక్కలుగా చింపివేశారు. తెచ్చిన మనిషితో కబురు పంపారు. కర్బలాలో హజ్రత్ ఇమాం హుస్సేన్ గారితో నిలిచినవారు 72 మంది మాత్రమేనని, తాను వారి బాటలోనే చివరి ఊపిరి వరకు పోరాడతానని ఆ కబురు సారాంశం. ఈ మాట విన్న సైనికుల మనసు ఎలా ఉండి ఉంటుందో చెప్పనక్కరలేదు.

తెరిచి ఉంచిన ఖిడ్కీ

1687 సెప్టెంబరు 21. తెల్లవారుజామున మూడు గంటల వేళ. అబ్దుల్లా ఖాన్ పనీ తన కాపలాలో ఉన్న ఖిడ్కీ తలుపును తీసి ఉంచాడు. రూహుల్లా ఖాన్ కొద్దిమందితో లోనికి వచ్చి పెద్ద దర్వాజాను తెరిపించాడు. మొఘల్ సైన్యం వరదలా లోపలికి వచ్చింది. ఎనిమిది నెలలుగా ఫిరంగి చేయలేనిది, బారూదు చేయలేనిది, లోపలి మనిషి చేయి ఒక్కటి క్షణంలో చేసింది. ఫతే దర్వాజా అన్న పేరు వెనుక ఉన్నది ఈ సంగతే.

కేకలు విని లారీ లేచారు. జీను వేసే సమయం లేదు. జీను లేని గుర్రం ఎక్కి, ఒక చేత కత్తి, మరో చేత డాలు పట్టి దర్వాజా వైపు దూసుకుపోయారు. వెంట వచ్చినవారు పది పన్నెండు మంది. వేలమందికి ఎదురు వెళ్ళడమంటే చావుకు ఎదురు వెళ్ళడమే. వెంట వచ్చినవారు చెదిరిపోయారు. ఆయన ఒంటరిగా నరుకుతూ ముందుకు సాగారు. ముఖం మీద తగిలిన వేటుకు నుదుటి చర్మం తెగి కళ్ళ మీదికి వేలాడింది. ఒక కన్ను దెబ్బతింది. దారి కనిపించని ఆయనను మోసుకొని గుర్రమే ఎటో నడిచింది. నగీనా బాగ్ దగ్గర ఒక కొబ్బరి చెట్టు కింద ఆయన స్పృహ తప్పి పడిపోయారు.

అక్కడ మహలులో అబుల్ హసన్ ఏడుపులు పెడబొబ్బలు పెట్టలేదు. అంతఃపురంవారిని ఓదార్చి, అందరి దగ్గరా సెలవు తీసుకొని, తనను పట్టుకోవడానికి వచ్చిన సర్దారులను కూర్చోబెట్టి పలకరించారు. భోజనం వేళ అయిందని భోజనం చేశారు. వచ్చినవారే ఆశ్చర్యపోయారు. సూఫీ పెద్దల దగ్గర ఆయన గడిపిన ఏళ్ళు ఆ రోజు కనబడ్డాయి. ఆయనను దౌలతాబాద్ కోటకు పంపించారు. అక్కడే బందీగా కన్నుమూశారు. ఖుల్దాబాద్‌లో ఆయన సమాధి ఉంది. 1518లో మొదలైన కుతుబ్‌షాహీ పాలన అంతటితో ముగిసింది.

డెబ్భై గాయాలు

మరునాడు చెట్టు కింద పడి ఉన్న లారీని గుర్తుపట్టినవారు మంచం మీద మోసుకొనిపోయారు. ఊపిరి ఇంకా ఆడుతూ ఉంది. ఔరంగజేబు ఈ సంగతి విని ఇద్దరు వైద్యులను నియమించారు. ఒకరు ఫిరంగీ, మరొకరు హిందువు. గాయాలు లెక్కిస్తే డెబ్భై దాకా వచ్చాయి. గాయం మీద గాయమైనవి లెక్కకు అందలేదు. అబుల్ హసన్ దగ్గర ఇలాంటి నౌకరు మరొక్కరు ఉండి ఉంటే కోట పట్టడానికి ఇంకా ఎంతో కాలం పట్టేదని చక్రవర్తే ఒప్పుకున్నారు. తన ఫర్మానాను చింపినవాడి గురించి ఆయన అన్న మాట ఇది.

పదహారు రోజుల తర్వాత లారీ ఒక కన్ను తెరిచి నాలుగు మాటలు మాట్లాడగలిగారు. తప్పులు మన్నించామని, తనకూ తన కుమారులకూ కొలువు ఇస్తామని చక్రవర్తి కబురు పంపారు. లారీ కృతజ్ఞత తెలిపారు గాని కొలువు వద్దన్నారు. ఇంత దెబ్బతిన్న శరీరం సేవకు పనికిరాదని, పనికివచ్చినా అబుల్ హసన్ ఉప్పు తిన్నవాడు మరొకరి నౌకరీ చేయలేడని ఆయన జవాబు. చక్రవర్తికి ఆ జవాబు నచ్చలేదు. కోట ముందు ఆయనతో తలపడిన ఫిరోజ్ జంగ్ మధ్యవర్తిత్వం వహించి ఆయన బాగోగులు చూసుకున్నారు. దాదాపు ఏడాదికి గాయాలు మానాయి. యజమాని రాజ్యం లేదు, తిరిగి వచ్చే ఆశ లేదు. అప్పటికి గాని ఆయన మొఘల్ కొలువుకు ఒప్పుకోలేదు. నాలుగువేల మన్సబ్ లభించింది. ద్రోహానికి ఇవ్వజూపిన ఆరువేల కంటే ఇది తక్కువే. కానీ ఇది తలెత్తుకొని తీసుకున్నది.

ఆ తర్వాతి కాలంలో ఆయన కొంకణ ప్రాంతంలో రాహిరీ ఫౌజుదారుగా పనిచేశారు. నేడు రాయగఢ్ అని పిలిచే కోట అది. సహ్యాద్రి కొండల్లో ఏటా నాలుగు నెలలు ఎడతెరిపి లేని వాన. గోడలకు నాచు, ఇనుముకు తుప్పు పట్టే చోటు. శత్రువు మందును తడిపి కోటను కాపాడిన మనిషికి ఇప్పుడు తన మందును పొడిగా కాపాడుకోవలసిన కొలువు దొరికింది.

మరొక వాన

ఇలాంటి సంఘటన 70 ఏళ్ళ తర్వాత బెంగాలులో కూడా జరిగింది. 1757 జూన్ 23న ప్లాసీ మైదానంలో మధ్యాహ్నం వేళ పెద్ద వాన పడింది. కంపెనీ సిపాయిలు తమ మందును తార్పాలిన్లతో కప్పుకున్నారు. నవాబు సిరాజుద్దౌలా సైన్యంలో చాలా మందు తడిసిపోయింది. ఎదుటివారి మందు కూడా తడిసే ఉంటుందన్న నమ్మకంతో మీర్ మదన్ ముందుకు దూకి ఫిరంగి దెబ్బకు ప్రాణం కోల్పోయాడు. మరో పక్క మీర్ జాఫర్ తన పెద్ద సైన్యాన్ని కదలకుండా నిలబెట్టాడు. ఎవరి మందు తడిసిందన్నది అక్కడా లెక్కకు వచ్చింది. అయితే గోల్కొండలో మాదిరిగానే అక్కడ కూడా అసలు పని చేసింది లోపలి మనిషే.

మన పిల్లలకు చెప్పవలసింది

లారీ జీవితం పిల్లలకు చెప్పేటప్పుడు రెండు సంగతులు కలిపి చెప్పాలి. తడిసిన బారూదు ఆరినా మునుపటిలా పేలదు. పైకి అదే రంగు, అదే బరువు, లోపల కలయిక పోయి ఉంటుంది. ఒక యజమానిని వదిలి మరొకరిని, ఆయననూ వదిలి ఇంకొకరిని చేరిన అబ్దుల్లా ఖాన్ పనీ చేతిలో ఖిడ్కీ తాళం పెట్టినప్పుడే గోల్కొండ సగం పడిపోయింది. బారూదు నిల్వలకు అంత కాపలా పెట్టినవారు మనుషుల ఎంపికలో ఆ జాగ్రత్త చూపలేకపోయారు. ఇల్లయినా, దుకాణమైనా, మదరసా అయినా ఈ పొరపాటు నేడు కూడా జరిగేదే.

రెండవది, లారీ ఓడిపోయిన పక్షాన నిలిచారు. ఆయన వఫాదారీ కోటను నిలపలేదు, సుల్తాన్‌ను విడిపించలేదు. అయినా గెలిచినవారే ఆయనను మెచ్చుకున్నారు, వైద్యులను పంపారు. ఖిడ్కీ తెరిచినవాడిని ఎవరూ మెచ్చుకోలేదు, వాడుకున్నారు, అంతే. ఫలితం మన చేతిలో లేదు. తిన్న ఉప్పుకు నిలబడటం మన చేతిలో ఉంది.

ఈసారి గోల్కొండకు వెళ్ళినప్పుడు ఫతే దర్వాజా దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ పేరు ఎవరి విజయానికి పెట్టారో పిల్లలకు చెప్పండి. జీను లేని గుర్రం మీద వచ్చిన మనిషి సంగతి కూడా చెప్పండి.